గోరు మీద జారిన ఉలి

ప్రియమైన నిదానానికి,

కోపం తగ్గిందా? ఆ రోజు అందరి ముందూ నిన్ను యజమాని తోక అన్నాను. నిజానికి అన్నది నిన్ను కాదు, వ్యవస్థని. పనిలోంచి నన్ను తరిమేశారు, నువ్వు మిగిలావు. ఇక్కడ మీ అక్క మైనం అచ్చులు పోసే నగల కార్ఖానాలో రాళ్లు పొదిగే సీటొకటి ఖాళీగా ఉంది. వచ్చే నెల పరీక్ష. ఉలి మొహం అద్దంలా లేకపోతే కోత మెరవదు. వజ్రప్పొడి పలక కొనే తాహతు నాకు లేదు. పనివాడికి పనిముట్టు అందనివ్వకపోవడమే దోపిడీకి మొదటి మెట్టు. చవగ్గా మెరుగు పెట్టే దారి నీకు తెలుసు. జ్ఞానం ఒకడి జేబులో ఉండకూడదురా.

నీ కరపత్రం

ప్రియమైన కరపత్రమా,

నీ మీద కోపమా? నీ ఉపన్యాసాలు లేక ఇక్కడ ఎవరికీ కునుకు పట్టట్లేదు. పాత తోలు బెల్టుని చెక్కకి బిగించు. ఆకుపచ్చ పాలిష్ ముద్ద రుద్ది, ఉలిని గట్టిగా అదిమి తోము. పదునైన ఉలిని గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకుంటుందని మనకి నేర్పారు. ఇది మాత్రం జారుతుంది. కంగారుపడకు, అది నునుపు. రెండు కోతలు పడితే దారికొస్తుంది.

నీ మేలు కోరే నిదానం

ప్రియమైన నిదానానికి,

ఉలిలో నా ముక్కు మీది మొటిమ కూడా కనిపిస్తోంది. గోరు మీద జారింది, నువ్వన్నట్టే. నిన్ను తోక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ చిట్కా ఇంకొకరికీ నేర్పాను. ఎవరికన్నది పరీక్షయ్యాక రాస్తాను, సంతోషిస్తావు.

ఎప్పటికీ నీ కరపత్రం

ప్రియమైన కరపత్రమా,

ఈపాటికి పరీక్ష అయిపోయుంటుంది. రాయి పగిలిందా, వేలు తెగిందా? తోలు మెత్తన. అదిమితే ఉలి అంచు గుండ్రనై పదును పోతుంది. సన్న గరుకు కాగితం గాజుముక్కకి అంటించి, పాలిష్ రాసి, వెనక్కి మాత్రమే లాగాలి. అదీ చవకే. నీకు చెప్పబుద్ధి కాలేదు. తోకకి కూడా బుర్ర ఉంటుందని తెలియాలిగా.

ఇక సెలవు,
నిదానం

ప్రియమైన నిదానానికి,

పరీక్షకి నేను కూర్చోలేదు. మీ అక్క దొంగచాటుగా ఇంట్లోనే రాళ్లు పొదగడం నేర్చుకుందని తెలిసి, సీటు ఆమెకే దక్కాలని తప్పుకున్నాను. నేను తోమిన ఉలినే ఇచ్చాను. గోరు మీద జారుతోందేంటని అడిగింది. నువ్వు రాసింది చూపించాను. "మావాడు చెప్పాడంటే ఇంక పరీక్షించేదేంటి" అంది.

మొదటి కోతకే ఉలి రాయి మీంచి జారి ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. నరం తెగింది. ఆ వేలు ఇక వంగదట. సీటు పోయింది, మైనం పనీ పోయింది. "తమ్ముడికి రాయకు, బాధపడతాడు" అని నా చేత ఒట్టేయించుకుంది.

నీ ఉత్తరం వచ్చినప్పుడు ఆమె మంచం పక్కనే ఉన్నాను. కవరు మీద నీ రాత గుర్తుపట్టి, "వాడేం రాశాడో చదువు" అంది. జ్ఞానం జేబులో దాచుకోకూడదనేవాణ్ణి కదా. మొదట లోపల నేను చదువుకున్నాను. తర్వాత ఒక్క ముక్క వదలకుండా పైకి చదివాను.

ఇంకోసారి చదవమంది. చదివాను.

కరపత్రం