ఆత్మకూరు ఫోటోలు

తమ్ముడు ఆదినారాయణకు ఉదయగిరి నుంచి మీ అక్క రాసేది. ఇక్కడ మేమంతా బాగుండాము. ఫోన్లో చెప్తే ఎవరి చెవిన పడుతుందోనని కాగితం మీద రాస్తున్నాను.

నాకిచ్చిన పాత ఫోన్లో నీ అకౌంట్ తీసెయ్యలేదంట. నువ్వు కొత్త ఫోన్లో ఫోటో తీస్తే అది క్లౌడ్‌లోకి పోయి, అక్కణ్ణించి నా ఫోన్లోకి దిగతా ఉండాది. "ఇట్టా వదిలేస్తే ఎవరి గుట్టయినా బయటపడతాది అత్తా" అని కోడలు మధులత చెప్పింది.

ట్రాక్టర్ సామాన్లకని ఆత్మకూరు పోతావు కదా, ఒక్క బోల్టు ఫోటో కూడా లేదేందిరా? అన్నీ అశ్విత ఇంటి ఫోటోలే. నీ మాట కాదని పెళ్లి చేసుకునిందని రెండేళ్లుగా పలకరించని కూతురి ఇంటిని, ఎదురుగా ఉండే టీ అంగట్లో నుంచి దొంగచాటుగా తీసినావు. దండెం మీద ఆరేసిన పసిబిడ్డ గుడ్డల్ని కూడా వదల్లేదు. మొదట నవ్వొచ్చింది. ఆ గుడ్డలు చూసినాక నవ్వు రాలేదు.

భయపడబాకు, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. నీ అకౌంట్ మధులత చేత తీయించేసినాను. పాస్‌వర్డ్ మాత్రం మార్చుకో. అశ్విత పేరే పెట్టుంటావు, ఎవరైనా కనుక్కుంటారు.

తీయించే ముందు ఆఖరి ఫోటో పెద్దది చేసి చూసినాను. నువ్వు సరిగ్గా చూసినట్టు లేవు. అశ్విత వాకిట్లో నిలబడి నీ వైపే చూస్తా ఉండాది. చంకలో బిడ్డ మొహాన్ని నీకు కనబడేటట్టు తిప్పి పట్టుకోనుండాది.

ఈసారి ఫోన్ ఇంట్లో పెట్టి పో.