ఆల్బమ్‌లో నా ముఖం

జుబైల్, సౌదీ అరేబియా,
9-11-1992

బాలామణీ,

యుద్ధం అయిపోయిన ఏడాది ప్లాంటులో నా ముఖం కాలిందని రాశాను కదా. అప్పుడు డాక్టరు ఒక ఆల్బమ్ చూపించాడు. అందులో కాలిన ముఖాలు, వాటి పక్కనే ఆపరేషన్ తర్వాత బాగైన ముఖాలు ఉన్నాయి. అవి చూశాకే ధైర్యం తెచ్చుకున్నాను.

రెండు ఆపరేషన్లు అయ్యాయి. మూడోది ఎప్పుడో అడుగుదామని నిన్న వెళ్ళాను. ఆయన అదే ఆల్బమ్ ఇంకో రోగికి చూపిస్తున్నాడు. బాగైన ముఖాల వైపు నా ఫోటో ఉంది.

“మూడోది అక్కర్లేదు భాయ్, నీది చాలా బాగా వచ్చింది,” అన్నాడు డాక్టరు.

ఆ రోగి నన్ను ఒకసారి చూసి, తల దించుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో కాపీ పంపుతున్నాను. మన పాప చరిత బడికి వెళ్ళాక చూడు. చూశాక కూడా రమ్మని రాస్తేనే వస్తాను.

నీ భర్త