అత్త పాలలో నీళ్ళు

బావా,

ఈ ఉత్తరం నిన్ను చేరదని తెలుసు. అయినా ఈ సంగతి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఈరోజు మీ అమ్మ పాలు వెనక్కి పంపాను.

నువ్వు పోయిన మరుసటి ఏడాది పలమనేరులో ఒక సేవాసంస్థ, ఒక పాల కంపెనీ కలిసి ఆడవాళ్ళకు పాల పరీక్ష నేర్పించాయి. నేర్చుకున్నవాళ్ళకు కంపెనీయే ఉద్యోగమిచ్చింది. పోయిన నెలదాకా నేను పాలు పరీక్షించేదాన్ని, ఇప్పుడు మన ఊరి పాలకేంద్రానికి సూపర్‌వైజర్ని.

పొద్దున వరసలో మీ అమ్మ తన కోడలు సూపర్‌వైజరని అందరికీ గొప్పలు చెబుతూ వచ్చి, ధీమాగా క్యాను ముందుకు తోసింది. లాక్టోమీటరు వేస్తే బుడుంగున దిగిపోయింది. ఆమెను వదిలిపెడితే రేపు ఊరంతా బావిని తెచ్చి క్యానులో పోస్తుంది.

"అత్తా, నీళ్ళుండాయి."

"ఏమే, నన్నే ఆపుతావా? ఆ సంస్థోళ్ళు నీకు నేర్పింది ఇదేనా?"

"ఇదే అత్తా."

వరసంతా ఘొల్లున నవ్వింది. ఆమెకు రోషమొచ్చింది. "సెంబుడు నీళ్ళు పొయ్యమని నాకు నేర్పినోడు నా కొడుకే! పొయ్యి వాణ్ణడుగు పో!"

నువ్వు పోయాక ఆమె నీ మాటెత్తడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆమెకూ తెలిసినట్టుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వేసింది.

పాలు మాత్రం నేను తీసుకోలేదు. కేంద్రం మూశాక ఇద్దరం ఆ క్యాను మోసుకుని ఇంటికొచ్చాం. ఆ పాలతోనే టీ పెట్టి, సాయంత్రం నేను డ్యూటీకి లేచేదాకా నీ చిన్ననాటి సంగతులే చెప్పింది. అందులో ఒక్కటీ మంచిపని కాదు బావా.