మల్లేశ్ వేలు

శుక్రవారం, మెసయీద్, ఖతార్

మా లేబర్ క్యాంప్‌కీ పక్క క్యాంప్‌కీ క్రికెట్ సిరీస్ రెండు-రెండు అయింది. మెస్‌లో అందరిదీ రేపటి ఆఖరి మ్యాచ్ గురించే వాదన. మా కీపర్ మల్లేశ్ కుడిచేతి వేలు బంతి తగిలి నల్లగా ఉబ్బిపోయింది. పాపం, ఎడమచేత్తో తింటున్నాడు.

"సూది ఏస్కొని ఆడుతడు తియ్యి!" అన్నాడు మా రూమ్ రాజన్న.

"ఆ చేత్తో వెల్డింగ్ ఎలా చేస్తాడయ్యా?" అన్నాను.

"గది మ్యాచ్ అయినంక సూద్దాం."

అందరూ నవ్వారు. రోత పుట్టింది. తినేది వదిలేసి మల్లేశ్‌ని క్లినిక్‌కి తీసుకెళ్లాను. వేలు విరిగిందట. పని చేయలేడని కంపెనీ ఇంటికి పంపేస్తే...

కట్టు కట్టించుకుని బయటికొస్తూనే మల్లేశ్ అడిగాడు.

"అన్నా, నేను లేకుంటే మనోళ్లు గెలుస్తరా?"

ఛీ! వీడికి కూడా అదే పిచ్చి.