ఫ్లెక్సీలో లేని ఫోటో

బుధవారం, రాత్రి

పదో తరగతిలో మా తాండూరు బడికి వంద శాతం వచ్చింది. పాసైన పిల్లల ఫోటోలతో గేటు ముందు ఫ్లెక్సీ కట్టించాం. బడికి చందాలిచ్చే పెద్దలు హెడ్మాస్టరునని నాకు శాలువా కప్పారు. ఈ వంద శాతం కోసమే దసరాకు ముందు, లెక్కల్లో వెనకబడిన స్వప్న చేతిలో టీసీ పెట్టి ధారూర్ సర్కారు బడికి పంపేశాను.

సాయంత్రం వాళ్లమ్మ లడ్డూలు తెచ్చింది. చీర మీద బండల పాలిషింగ్ దుమ్ము ఇంకా అలాగే ఉంది.

"మా బిడ్డ పాసైంది సార్, లెక్కలల్ల గూడ. చిన్నప్పటిసంది మీరే చెప్పిండ్రు గద. గా ఫ్లెక్సీల జర దాని ఫోటో గూడ వెట్టుండ్రి."

"స్వప్న మా బడి పిల్ల కాదమ్మా," అన్నాను. అబద్ధమేమీ కాదు. టీసీ మీద నా సంతకమే ఉంది.

"గట్లనా సార్," అని ఇంకో లడ్డూ నా చేతిలో పెట్టింది. తినేశాను.

రేపు తొమ్మిదో తరగతి మార్కులు తీయాలి. ఈసారి ఇద్దరిని పంపాల్సి వస్తుందేమో...