సిగ్నల్ అందని ఊరు

ప్రియమైన అత్తయ్యా,

మీ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకండి. నేను ఫోన్‌లో కాస్త గొంతెత్తితే చాలు, తగ్గించమని మీ అబ్బాయి గదిలోంచి చెయ్యి ఊపుతారు. హ్యామ్ రేడియోలో ఏదో దేశం మనిషితో మాట కలిపి ఉంటారు మరి.

ఈ ఆరేళ్లుగా ఇల్లంతా ఆ రేడియో చెప్పినట్టే నడుస్తోంది. మిక్సీ వేస్తే ఆయన చెవిలో గరగర. ట్యూబ్‌లైటు వేస్తే బరబర. కుట్టుమిషన్ ఊసే ఎత్తకూడదు. బాల్కనీలో బట్టలారేసే తాడు విప్పేసి ఏరియల్ తీగ కట్టారు. ఆ తీగ పడకగది కిటికీలోంచే లోపలికి వస్తుంది కాబట్టి, వానొచ్చినా కిటికీ మూయడానికి లేదు. మునివేళ్ల మీద నడిచి నడిచి నా ఇంట్లో నేనే దొంగలా తయారయ్యాను.

అసలు సంగతి ఇంకొకటి. ఇన్నాళ్లూ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే పనితోనే సరిపోయింది. ఇప్పుడు వేరే ఊళ్లో కొత్త ఆసుపత్రి వాళ్లు ల్యాబ్ మొత్తం నన్నే చూసుకోమంటున్నారు. ఆయనతో చెబితే, "ఆ ఊరు కొండల మధ్య గుంటలో ఉంది. సిగ్నల్ అందదు," అని హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నారు.

మీరొక్క మాట చెబితే వింటారేమో.

మీ కోడలు

*

చిట్టితల్లీ,

నా మోకాలు నా మాట వినడం ఎప్పుడో మానేసింది, దాని సంగతి వదిలెయ్.

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మొగుడు తాగుతున్నాడా, తిరుగుతున్నాడా? కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చి రేడియో ముందు కూర్చుంటాడు. మా పక్కింటావిడ అల్లుడు ఇల్లు చేరేసరికి కాళ్లకి ఒక్క చెప్పే మిగులుతుంది. అలాంటివాడితో వేగడం కంటే ఇది నయం కాదూ?

ల్యాబులు ఎక్కడికీ పోవు. ఇంకొన్నాళ్లు సర్దుకో. వాడికి మాత్రం నేనేమీ చెప్పను. చెబితే మొండికేస్తాడు.

నీ మేలు కోరే అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యా,

మీరన్నట్టే రెండు నెలలు సర్దుకున్నాను.

పోయిన ఆదివారం టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. రేడియో స్పీకర్‌లో ఎవరో పెద్దాయన, ఇంట్లో ఎవరెవరుంటారని ఆయన్ని అడుగుతున్నాడు. మీ అబ్బాయి, "నేనొక్కణ్ణే," అన్నారు. తర్వాత వాళ్లిద్దరూ అక్కడి వానల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. టీ చల్లారిపోయింది.

"అలా ఎందుకన్నారు?" అని అడిగాను.

"మాటవరసకి. వివరాలన్నీ చెబుతూ కూర్చుంటే అవతలి మనిషి జారిపోతాడు."

అది కూడా మింగేశాను. నిన్న కొత్త ఆసుపత్రికి నేనే ఫోన్ చేస్తే, "మీరు రారని మీవారు ఎప్పుడో చెప్పేశారుగా," అన్నారు. నేను డ్యూటీలో ఉండగా వాళ్లు ఇంటికి ఫోన్ చేశారట. ఆయన్ని నిలదీస్తే, "ఎలాగూ వెళ్లవుగా. వాళ్లని ఆశపెట్టడం ఎందుకు?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. అద్దం పవర్ చెప్పినట్టు చెప్పారు.

తలుపుకి ఎవరూ తాళం వెయ్యలేదు అత్తయ్యా. అయినా నిన్న సంచి సర్ది, చెప్పులు వేసుకుని, గుమ్మం దాటలేక అక్కడే కూలబడ్డాను. ఆయన చిన్నప్పుడు కూడా ఇలాగే ఉండేవారా?

మీ కోడలు

*

అమ్మాయీ,

నీ ఉత్తరం పదకొండు రోజులు దిండు కింద పెట్టుకున్నాను.

మీ మామగారు మంచివాడని నీకు చెప్పానుగా. అబద్ధం. ఆయన అరిస్తే కిందవాటా వాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. అరుపులతో ఆగేవాడూ కాదు. వాడికి తొమ్మిదేళ్లప్పుడు రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర పాత సెట్టూ హెడ్‌ఫోన్లూ తెచ్చి, "ఇవి పెట్టుకో నాన్నా, ఏమీ వినపడదు," అన్నాను. వాడు పెట్టుకున్నాడు. తండ్రి పోయాక కూడా తియ్యలేదు. తియ్యమని నేనూ అనలేదు. అంటే, ఎందుకు పెట్టావని అడుగుతాడని భయం.

నిన్ను సర్దుకోమన్నది నీ మంచికోసం కాదు. నువ్వు వెళ్లిపోతే వాడొచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. అందుకని నిన్ను అక్కడ కాపలా పెట్టాను. ఇంతకంటే ఏం చెప్పను.

ఆ ఆసుపత్రికి మళ్లీ ఫోన్ చెయ్. శుక్రవారం పొద్దున బస్సుకి నేను వస్తున్నాను. నేను లోపలికి వచ్చాక నువ్వు బయటికి వెళ్లు.

అత్తయ్య

*

చిట్టితల్లీ,

ల్యాబ్‌లో కుదురుకున్నానని నువ్వు రాసిన కార్డు అందింది. ఇన్నాళ్లూ ఏమీ రాయలేదంటే, రాసేందుకేమీ జరగలేదు కాబట్టి.

నువ్వెళ్లిన సాయంత్రం వాడు, "వెళ్లదని నేను చెప్పాను కదా, ఎలా వెళ్లింది?" అన్నాడు. "కాళ్లతో," అన్నాను. మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

నిన్న భోజనాల దగ్గర అంతా చెప్పేశాను, సెట్టు ఎందుకు తెచ్చానో, నీకెందుకు సర్దిచెప్పానో. వాడు పళ్లెంలోనే చూస్తూ, "నాకు వినపడేదమ్మా," అన్నాడు.

"ఏది?"

"అంతా. చెవులకి అవి పెట్టుకున్నా వినపడేది. నేను వినట్లేదనుకుంటే నువ్వు కాస్త నిమ్మళంగా ఉండేదానివి. అందుకే తీసేవాణ్ణి కాదు."

ఇద్దరి పళ్లేలూ వాడే తీసి కడిగి పెట్టాడు. తర్వాత వాడు, "తనకి నేను అన్యాయం చేశాను కదా," అన్నాడు. చేశావన్నాను. తల్లిని కదా, కాదందామని నోటిదాకా వచ్చింది. అనలేదు.

ఇది చదివి నువ్వు కరిగిపోతావని నాకు తెలుసు. వాడి మీద జాలితో సంచి సర్దకు. వాడి చిన్నతనానికి జవాబు చెప్పాల్సింది నేను, నువ్వు కాదు. నేను ఇక్కడే ఉంటున్నాను.

నీకు ఉత్తరం రాస్తానని పొద్దున కాగితం అడిగాడు. రెండు ముక్కలు రాసి కొట్టేశాడు, మళ్లీ మొదలుపెట్టాడు. వస్తే చదువు. రాకపోతే ఎదురుచూడకు. వేళకి తిని, పనికి వెళ్లు.

అత్తయ్య