పళ్ళ డాక్టరు బావగారితో హాకీ మాట్లాడకూడదు

అక్టోబర్ 4, శనివారం

రేపటి నుంచి హాకీ సీజను. రేపటి నుంచే నా తీర్మానం కూడా! సీజను అయ్యేదాకా మా బావగారి ముందు హాకీ అన్న మాట ఎత్తను. ఎత్తనంటే ఎత్తను.

బావగారంటే మా అమ్మాయి మామగారు. పళ్ళ డాక్టరు. మనిషి బంగారం. ఒక్కటే లోపం, ఎలుగుబంట్ల జట్టు అభిమాని. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ డేగల మనిషిని. కిందటి సీజను ఆఖర్న, మనవరాలి మొదటి పుట్టినరోజునాడే, ఒక పెనాల్టీ కార్నర్ మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. బంతి ఎటు నుంచి ఎటు పోయిందో చూపించడానికి ఆయన చెయ్యి విసిరారు. నేను అడ్డుకోబోయాను. కేకు నేల మీద పడింది. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

నిన్న అమ్మాయి ఫోను చేసింది. "నాన్నా, ఈసారి మీ ఇద్దరి నోటా హాకీ మాట వినపడిందా, ఇక కలిసి రానక్కర్లేదు. ఒక ఆదివారం నువ్వు, ఒక ఆదివారం మామయ్యగారు. అంతే!"

అంటే మనవరాలు సగానికి సగం తరుగు! నేను టైలర్ని. బట్ట తరిగితే అతుకు వేస్తాను. ఆదివారానికి అతుకెక్కడ దొరుకుతుంది?

నియమాలు:
స్కోరు అడగకూడదు.
ఆయన అడిగితే చెప్పకూడదు.
పేపర్లో ఆటల పేజీ కనపడితే మడిచెయ్యాలి.

మా ఆవిడ చదివి, "ఊపిరి పీల్చకూడదని కూడా రాయండి, సరిపోతుంది" అని నవ్వింది. నవ్వు నాలుగు విధాల చేటని ఆవిడకెవరు చెప్పాలి!

అక్టోబర్ 5, ఆదివారం

దిగ్విజయం! మధ్యాహ్నమంతా బావగారి పక్కనే కూర్చున్నాను. ఒక్క మాట జారలేదు. వాన గురించి మాట్లాడుకున్నాం. మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. పిల్ల నా చూపుడువేలు పట్టుకుని సోఫా చుట్టూ నన్ను నడిపించింది. అమ్మాయి అడక్కుండానే రెండోసారి కాఫీ ఇచ్చింది.

డేగలు 4-1తో గెలిచాయి. ఎవరికీ చెప్పలేదు. అద్దానికి చెప్పాను.

అక్టోబర్ 19, ఆదివారం

ఎలుగుబంట్లు ఓడాయి. 0-5! అయిదు!! ఆ అంకె నాలిక చివర పెట్టుకుని ఆయనకి ఎదురుగా మూడు గంటలు కూర్చున్నాను. పగవాడికి కూడా వద్దు ఈ అవస్థ.

"బావగారూ, ఒంట్లో బాగుందా?" అని మాత్రం అడిగాను.

"దివ్యంగా ఉంది బావగారూ. మీకు?"

"నాకూ దివ్యమే."

తర్వాత ఇద్దరం గోడ గడియారం చూశాం. (ఒంట్లో బాగుందా అనడం హాకీ కిందికి రాదు.)

నవంబర్ 3, సోమవారం

డేగలు వరసగా మూడు ఆటలు ఓడిపోయాయి. మైదానం తడిగా ఉందని కోచ్ అంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడు!

అంతకన్నా ఘోరం, నిన్న బావగారు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. పుండు మీద కారం చల్లాల్సిన మనిషి "కాస్త చలి పెరిగింది కదూ" అంటారా? అంటే జాలి పడుతున్నారన్నమాట. ఎలుగుబంట్లకి మా మీద జాలా! నిద్రలో కూడా పళ్ళు నూరానట. ఇంట్లో ఎలకలు పడ్డాయేమో అనుకుందట మా ఆవిడ.

కొట్లో ఒక కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టాను. బ్యాంకు మేనేజరు తొడుక్కుని అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు పాపం.

నవంబర్ 11, మంగళవారం

ఉదయం: దవడపన్ను చిట్లింది! నూరీ నూరీ చిట్లింది. వేరే డాక్టరు దగ్గరికి పోతానన్నాను. "అన్నయ్యగారుండగా పరాయి డాక్టరా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది మా ఆవిడ.

సాయంత్రం: వెళ్ళొచ్చాను. రాయక తప్పదు.

కుర్చీ వెనక్కి వాల్చారు. నోట్లో దూది, గొట్టం, చిన్న అద్దం, ఆయన రెండు వేళ్ళు. నర్సుని ఏదో మందు తెమ్మని బయటికి పంపారు. తలుపు వేశారు. అప్పుడు మొదలెట్టారు!

"బావగారూ, మీతో హాకీ మాట్లాడనని కోడలికి మాటిచ్చాను. కానీ ఇప్పుడు మీరు మాట్లాడలేరు కదా. ఒక్కడు మాట్లాడితే అది మాట్లాడుకోవడం ఎలా అవుతుంది? మింగలేక కక్కలేక చస్తున్నానండీ! మీ గోల్‌కీపరు ఉన్నాడే, బంతి వస్తుంటే లోపలికి రండి, కూర్చోండి అనేలా ఉన్నాడు!"

"ఆ! ఆఁ! గ్గా!" అన్నాను.

"నొప్పా?"

నొప్పా! అయిదు వేళ్ళూ ఆయన ముక్కు ముందు ఆడించాను, 0-5 గుర్తుందా అని.

"అయిదే నిమిషాలు. అయిపోయింది" అన్నారు, ఏమీ ఎరగనట్టు. తేలు కుట్టిన దొంగలా పడుకున్నాను.

అయినా నేను ఒక్క మాటా అనలేదు. నా తీర్మానం చెక్కుచెదరలేదు.

నవంబర్ 14, శుక్రవారం

మళ్ళీ క్లినిక్కి వెళ్ళాను. నొప్పి లేదు. లేదని చూపించుకోవాలిగా! దూది పెట్టకముందే మా గోల్‌కీపరు తరఫున నాలుగు ముక్కలు చెప్పేశాను. ఆయన దూది పక్కన పెట్టేసి స్టూలు దగ్గరికి లాక్కున్నారు. వైద్యం చేయించుకోకూడదని తీర్మానంలో ఎక్కడా లేదు.

నవంబర్ 21, శుక్రవారం

క్లినిక్. నేను వస్తుంటే నర్సు అడిగింది. "ఈయనకి మొత్తం ఎన్ని పళ్ళున్నాయి డాక్టరుగారూ?"

నవంబర్ 23, ఆదివారం

దొరికిపోయాం.

అమ్మాయి వంటింట్లో ఉంది. పిల్ల నిద్రపోతోంది. "నిన్నటి రెండో గోలు..." అన్నారు బావగారు నా చెవిలో. "అది ఫౌలు" అన్నాను ఆయన చెవిలో. ఎప్పుడు లేచి నిలబడ్డామో, గొంతులు ఎప్పుడు లేచాయో తెలీదు. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. గుమ్మంలో అమ్మాయి, చేతిలో గరిటె.

వచ్చేవారం నుంచి వంతులు. మొదటి వంతు ఆయనది.

"దొందూ దొందే" అంది మా ఆవిడ.

నవంబర్ 30, ఆదివారం

ఆయన వంతు. ఇంట్లో ఉన్నాను. బొత్తాల డబ్బా సర్దాను. మళ్ళీ సర్దాను. పిల్ల లేని ఆదివారం ఇంత పొడుగుంటుందనుకోలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

నా వంతు. పిల్ల నా ఒళ్ళో కూర్చుంది. ఆనందమే. కానీ మధ్యమధ్య గుమ్మం వైపు చూసి "తాత?" అంటుంది. నేనే తాతని. ఇంకో తాత కోసం అడుగుతోంది. ఆయన భార్య పోయారు, ఇంట్లో ఇంకో మనిషి లేరు. ఈపాటికి ఆయన కూడా గోడ గడియారం చూస్తుంటారు. బాధేసింది. వంతులకి కారణం నేనే అనిపించింది. (ఫౌలు మాత్రం ఫౌలే.)

సాయంత్రం: డేగలు ఫైనల్‌కి!! ఎదురు జట్టు ఎవరు? ఎలుగుబంట్లు!!! వచ్చే ఆదివారం నాలుగింటికి!

డిసెంబర్ 12, శుక్రవారం

బావగారు ఫోను చేశారు. "ఎల్లుండి నా వంతు మీరు తీసుకోండి బావగారూ. పిల్ల మీకు బాగా అలవాటు."

ఎంత ఉదారం! ఫైనల్ చూడ్డానికి కాకపోతే కన్నీళ్ళు వచ్చేవి.

"అబ్బే, పిల్ల మీ కోసమే బెంగపెట్టుకుంది. మీరే వెళ్ళాలి" అన్నాను.

"మీరు వెళ్ళాలి."

"పెద్దవారు, మీరు."

చివరికి ఎవరమూ వెళ్ళకూడదని తేలింది. నా పన్ను మళ్ళీ చిట్లిందనీ, ఆదివారమైనా క్లినిక్ తెరవక తప్పదనీ అమ్మాయికి చెప్పాం. అమ్మాయి కంగారు పడింది. సిగ్గేసింది. కాసేపు.

డిసెంబర్ 14, ఆదివారం

3.45: క్లినిక్. షట్టరు సగం దించాం. రోగులు కూర్చునే గదిలో టీవీ పెట్టాం.

సగం ఆట: 2-2. బావగారు నన్ను రెండుసార్లు కౌగిలించుకున్నారు, రెండుసార్లు తిట్టారు.

ఆఖరి నిమిషం: ఎలుగుబంట్లకి పెనాల్టీ స్ట్రోకు! గోల్లోకి పోయే బంతి మావాడి కాలికి తగిలిందట! నేను అరిచేలోగా వెనకనుంచి ఇంకెవరో అరిచారు.

"కాలికెక్కడ తగిలింది? అంపైరు కళ్ళు అమ్ముకున్నాడా!"

అమ్మాయి! చంకలో పిల్ల. చేతిలో ఫ్లాస్కు, నేను నమల్లేనని పాలు తెచ్చింది. వెనక అల్లుడు, చేతిలో కారు తాళాలు.

"తగిలిందమ్మా, నేను చూశాను" అన్నారు బావగారు.

"అది స్టిక్కు మామయ్యగారూ! కళ్ళజోడు మార్పించుకోండి!"

అని నాలిక కరుచుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా భుజాల మీద కూర్చుని నా జుట్టు పీకుతూ ఆట చూసిన పిల్ల ఇది. పెళ్ళయ్యాక ఎందుకు చూడట్లేదో నేనెప్పుడూ అడగలేదు.

"మామయ్యగారేమో ఎలుగుబంట్ల మనిషి. ఎందుకొచ్చిన గొడవని మూడేళ్ళుగా నోరు కట్టేసుకున్నా నాన్నా" అంది.

స్ట్రోకు గోలైంది. కప్పు ఎలుగుబంట్లది. బావగారు కుర్చీ ఎక్కాలనుకుని, మా మొహాలు చూసి ఎక్కలేదు. అమ్మాయి వచ్చి నా పక్కన బెంచీ మీద కూలబడింది.

"ఓడిపోయాం నాన్నా మనం."

మనం అంది! కప్పు పోయిన మాట నిజం. అయినా నాకు కళ్ళనీళ్ళు తిరిగింది మాత్రం అందుక్కాదు.

డిసెంబర్ 15, సోమవారం

అల్లుడు తీర్పు చెప్పాడు. "ముగ్గురికీ వంతులు వెయ్యడం నా వల్ల కాదు. అందరూ రండి. కానీ పిల్ల ముందు హాకీ వద్దు." అతనికి హాకీ అంటే పడదు. ఇంటికి ఒక్కడుండాలి అలాంటివాడు.

కాబట్టి కొత్త తీర్మానం! బావగారి ముందు, అమ్మాయి ముందు, పిల్ల ముందు హాకీ అన్న మాట ఎత్తను. వచ్చే సీజను దాకా ఆగను, ఇప్పటి నుంచే.

సా. 6.10: అమ్మాయి ఫోను. "నాన్నా, ఆ స్ట్రోకు రీప్లే చూశావా? నూటికి నూరుపాళ్ళు స్టిక్కే. మామయ్యగారు కూడా లైన్లో ఉన్నారు, చెప్పు!"

రేపటి నుంచి.